అమ్మ దండం పెట్టిన దొర

మా అమ్మ పోయిన నెల కంటి ఆపరేషన్‌కని గుత్తిలో మెయిలెక్కి మద్రాసుకు వచ్చింది. ఆమెకు ఈ ఊరు ఇంకా మద్రాసే. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్న నాకు కూడా ఇంట్లో మద్రాసు, ఆఫీసులో చెన్నై. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పి, వారం రోజులు చుక్కల మందు వేశాక, "కన్ను తెలుస్తాండాది, ఇంక స్టీలు గిన్నెలు చూస్తా పద" అంది. నేను లెక్కలు రాసే ఆఫీసు పారీస్ కార్నర్ దగ్గరే, అక్కడి గిన్నెల అంగళ్లు నాకు తెలుసు. రెండు గంటలు బేరం చేసి మూడు గిన్నెలు కొంది. ఆటోలో ట్రిప్లికేన్ తిరిగొస్తున్నాం.

ఐలాండ్ గ్రౌండ్స్ పక్కన సిగ్నల్ పడింది. అమ్మ నల్లద్దాలు పైకెత్తి బయటికి చూసింది.

"ఆ గుర్రమ్మీదాయప్పకు కాళ్లు యాలాడతాండాయి చూడు. పడిపోడా?"

నేనూ చూశాను. నిజమే. జీను లేదు. కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. ముప్పై ఏళ్లుగా బస్సులో, బండి మీద, ఆటోలో ఆ విగ్రహం ముందు నుంచే పోతున్నాను, ఒక్కసారి కూడా గమనించలేదు. నిన్నగాక మొన్న కొత్త కన్ను వచ్చిన మనిషి చెబితే తెలిసింది.

"ఎవురాయప్ప?"

ఆటో అతను వెనక్కి తిరగకుండానే "యారో వెళ్ళకారన్‌మా" అన్నాడు, ఎవరో తెల్లవాడమ్మా అని. "మన్రో అని, పాత గవర్నరు" అన్నాను నేను.

"మన్రోనా? మన మన్రోలప్ప మన్రోనా?"

అని, ఒళ్లో గిన్నెల సంచి ఉండగానే రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. పచ్చలైటు పడి బండి కదిలింది. నాకు నిజంగా సిగ్గేసింది. పక్క బైకు మీద ఉన్న కుర్రాడు చూసి నవ్వాడు కూడా. "అమ్మా, ఆయన తెల్లదొర, దేవుడు కాదు" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. "మా తాత పేరు" అంది, అంతే.

మన్రోలప్ప మా అమ్మ వాళ్ల తాత. పత్తికొండ పక్కన పల్లె. ఆ పేరు చిన్నప్పుడు విన్నప్పుడల్లా మా ఎల్లమ్మ, మారెమ్మల్లాగా అదేదో మొరటు గ్రామదేవత పేరనుకునేవాణ్ణి. స్కూల్లో ఎగతాళి చేస్తారని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. సీమలో ఒకప్పుడు మన్రోలప్పలు, మన్రోలయ్యలు చాలామందే ఉండేవారని, జనం ఆయన్ని మాండవ రుషి అని కూడా పిలిచేవారని పెద్దయ్యాక చదివాను. కానీ చదవడం వేరు, అమ్మ ఆటోలోంచి దండం పెట్టడం వేరు. ఆ రాత్రి కూర్చుని, ఈ మనిషి అసలు ఏం చేశాడని మా పల్లెలో పిల్లలకు పేరు పెట్టుకున్నారో చూద్దామనుకున్నాను. నెల రోజులైంది, ఇంకా అదే పనిలో ఉన్నాను.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రాగానే ఆ వ్యాపారం మునిగింది. దాంతో కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచీ చెవులు కాస్త మందం. దిగిన ఏడే హైదర్ అలీ వచ్చి పడ్డాడు. ఆ సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో బెయిలీ అనే అధికారి నడిపిన కంపెనీ దళం తుడిచిపెట్టుకుపోయింది. కుర్రాడి ఉద్యోగం అలా మొదలైంది.

ఆయన చెల్లెలికి రాసిన ఒక జాబు ఉంది. నాకు ఈ మనిషి దగ్గరైంది ఆ జాబుతోనే. ఇండియాలో మూడేళ్ల దాకా తలకింద పుస్తకమో, తూటాల సంచో తప్ప వేరే దిండు ఎరగనని రాశాడు. మంచమంటే నాలుగు కర్రల మీద కట్టిన కిత్తాన గుడ్డ. ఇంటి నుంచి తెచ్చుకున్న పెద్ద కోటు ఒక్కటే ఉంది. చలికాలం రాత్రి ఆ కోటు చేతుల్లోకి కాళ్లు దూర్చి, కింది అంచులు తలమీదికి లాక్కుని పడుకునేవాడట. వెల్లూరులో ఉన్న ఇంట్లో ఒకటే కుర్చీ. ఈ దేశానికొచ్చే దాకా ఆకలి, దప్పిక, పేదరికం అంటే ఏమిటో తెలియదంటాడు. సగం గొప్ప, సగం ఏడుపు.

నేను మద్రాసు వచ్చిన కొత్తలో మాంబళం మాన్షన్‌లో, అంటే బ్రహ్మచారుల లాడ్జిలో, నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. లుంగీనే దుప్పటి. అమ్మకు మాత్రం "మెత్తటి పరుపు, ఫ్యాను, అన్నీ ఉన్నాయి" అని ఉత్తరం రాసేవాణ్ణి. దొర నాకంటే నిజాయితీపరుడు.

అలా పదహారేళ్లు గడిస్తే గానీ కెప్టెన్ కాలేదు, 1796లో అయ్యాడు. మధ్యలో టిప్పుతో కార్న్‌వాలిస్ చేసిన యుద్ధంలో ఉన్నాడు. ఆ యుద్ధం తర్వాత 1792లో సేలం వైపు బారామహల్ కంపెనీ చేతికొస్తే, అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి కింద శిస్తు పనికి వేశారు. అక్కడే ఆయన దారి మారింది. ఏడేళ్లు ఊరూరూ తిరిగి, ఏ నేలలో ఏం పండుతుంది, ఎవడు దున్నుతున్నాడు, ఎంత కట్టగలడు అని చూడటమే పని. నడుమ పెద్దమనుషులు, జమీందార్లు లేకుండా రైతుతోనే నేరుగా ఖరారు చేసుకునే పద్ధతి అక్కడ మొదలైంది. దాన్నే రైత్వారీ అన్నారు. పట్టా, జమాబందీ అని మనం ఇవాళ్టికీ తాలూకా ఆఫీసులో పలికే మాటలన్నీ ఆ పద్ధతిలో నలిగినవే.

1799లో శ్రీరంగపట్నం పడింది. ఆయన్ని కొన్నాళ్లు పడమటి తీరంలో కెనరాకు పంపారు. 1800లో నిజాం తన సైనిక ఖర్చుల కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు, ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్. 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు పెట్టేదాకా మనం అలా ఇంకొకడు ఇచ్చేసిన జిల్లాలమే. సినిమావాళ్లు ఇప్పటికీ మనల్ని వదల్లేదు, "నైజాం ఇంత, సీడెడ్ ఇంత" అని మొదటి వారం కలెక్షన్లు చెబుతారు. 1800లో నిజాం చేసిన సంతకం శుక్రవారం శుక్రవారం గుర్తొస్తూనే ఉంటుంది.

మన్రో ఆ నాలుగు ముక్కలకూ ప్రిన్సిపల్ కలెక్టరు. ఏడేళ్లున్నాడు, ఎక్కువ కాలం గుడారంలోనే. 1802 నుంచి పొలం పొలం కొలిపించాడు. గొలుసు పొడుగు 33 అడుగులు. నేను లెక్కలవాణ్ణి గనక ఇక్కడ ఆగిపోయాను. 33ని 33తో గుణిస్తే 1,089 చదరపు అడుగులు. అలాంటివి నలభై పేర్చితే 43,560. సరిగ్గా ఒక ఎకరం! అంటే ఆ గొలుసుతో నాలుగు వైపులా ఒక్కోసారి కొలిచిన చదరం ఎంతో, ఇవాళ తెలంగాణలో, కర్ణాటకలో భూమి కొనేవాడు "ఎకరాకు నలభై గుంటలు" అనే ఆ గుంట అంత. మా వైపు సెంట్లంటాం. రెండున్నర సెంట్లు ఒక గుంట. మా మేనమామకు, పక్క పొలమాయనకు గట్టు తగాదా పన్నెండేళ్లుగా నడుస్తోంది, అది మొత్తం నాలుగు సెంట్లు. రీసర్వేలో డ్రోన్లు తిరిగాయి, రోవర్లు పెట్టారు, గట్టు మాత్రం అక్కడే ఉంది. కాగితం చూస్తూ నాకు ఒకటే అనిపించింది: మా వాళ్లు కొట్టుకుంటున్న ఆ ఎర్రనేలను గీత గీసి మొట్టమొదట లెక్కలోకి ఎక్కించినవాడు ఈ చెవిటి సైనికుడేనేమో!

ఇక్కడి దాకా చదివి ఇది పొగడ్త అనుకునేరు. ఆ ఏడేళ్లలో దత్తమండలాల శిస్తు దాదాపు సగం పెరిగింది. వచ్చిన ఆదాయం చూసి కంపెనీవాళ్లు మురిసిపోయి ఉంటారు. అప్పటికి సీమలో ఎనభై మంది దాకా పాళెగాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల కోటలు, వాళ్ల బంట్లు, వాళ్ల వసూళ్లు వాళ్లవి. మన్రో వాళ్లను ఒక్కొక్కరినే అణిచాడు. కొందరిని తరిమి, కొందరిని పట్టి, మిగిలినవాళ్లకు నెలకింత పింఛను పడేసి కూర్చోబెట్టాడు. ఆ పింఛన్ల కథ ఎక్కడికి పోయిందో మనందరికీ తెలుసు. నెలకు పదకొండు రూపాయల చిల్లర తీసుకునే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరి తీశారు. మన్రో చచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. అయినా ఆ ఉరికి మొదటి ముడి ఈయనే వేశాడని నా అభిప్రాయం.

ఈ మాట అమ్మతో అన్నాను. "పాళెగాళ్లు మాత్రం ఊరకే పోయినారా? పంటలు తొక్కిచ్చినారని మా అవ్వ చెప్పేది" అంది. సీమలో నరసింహారెడ్డి పాటకు కన్నీళ్లు పెట్టుకునేదీ ఈమే, మన్రోకు దండం పెట్టేదీ ఈమే. ఆమెకు ఇందులో తకరారేమీ కనపడలేదు. నాకే కనపడుతోంది.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. 1807లో తన దేశానికి పోయే ముందు, రైతుల మీద శిస్తు ఎక్కువైంది, నాలుగో వంతు తగ్గించండి, బావి కింద సాగుకు ఇంకాస్త తగ్గించండి అని తనే రాసిపెట్టి వెళ్లాడు. తను వేసిన శిస్తే! పైవాళ్లు పట్టించుకోలేదు. పదమూడేళ్ల తర్వాత తనే మద్రాసు గవర్నరై వచ్చి ఆ తగ్గింపు అమలు చేయించాడు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. మనం ఎప్పుడో రాసిన నోట్‌ను, కుర్చీ దొరికాక గుర్తుపెట్టుకుని తీసి చూసేవాళ్లు ఎందరు?

తమాషా ఏమిటంటే ఇంత శిస్తు పని చేస్తున్నా ఆయన సైన్యం జీతం మనిషే. గుడారంలో కూర్చుని చేల లెక్కలు చూస్తుండగానే 1804లో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. అంతకుముందు ఏడాది అసాయెలో మరాఠాలను ఓడించిన ఆర్థర్ వెల్లస్లీ, అదే తర్వాత నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, తను ఎందుకలా యుద్ధం చేశాడో మన్రోకు జాబు రాసి చెప్పుకున్నాడు. ఆ యుద్ధం తీరులో మన్రో తప్పులు పట్టాడు మరి! 1817–18లో మరాఠా యుద్ధం వచ్చినప్పుడు బ్రిగేడియర్ జనరల్ హోదాలో ఉత్తరాన బాదామి, బెళగావి, షోలాపూర్ కోటలు తీసుకున్నాడు. చేతిలో ఉన్నది కొద్దిపాటి పటాలం, మిగతా అంతా అక్కడికక్కడ పోగుచేసుకున్న బంట్లు. 1819లో మేజర్ జనరల్, 1820లో గవర్నర్, 1825లో బారోనెట్ బిరుదు. యుద్ధాల గురించి ఇంతకంటే రాయాలని లేదు. మా పల్లెలో ఎవరికీ ఆయన గెలిచిన ఒక్క కోట పేరు కూడా తెలియదు.

పల్లెలో తెలిసినవి వేరే. మంత్రాలయం మఠం మాన్యం తీసేసుకుందామని వెళ్లి, చెప్పులు విప్పి, టోపీ తీసి లోపలికి పోతే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి బయటికొచ్చి మాట్లాడాడట. పక్కనున్నవాళ్లకు దొర ఒక్కడే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కనిపించిందట. తిరుమలలో స్వామి ప్రసాదం తిని కడుపునొప్పి పోయిందని పొంగలికి పెద్ద గంగాళం ఇప్పించాడట, దాన్నిప్పటికీ మన్రో గంగాళమనే అంటారు. మూడోది గండి కథ. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండల మధ్య నుంచి దూకే చోట, రాముడికి స్వాగతంగా కట్టిన బంగారు మామిడాకుల తోరణం ఉందంటారు. చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే అది కనపడుతుంది. మన్రో దొర తలెత్తి "ఆ తోరణమేమిటి?" అని అడిగాడట. పక్కనున్న ముసలి నౌకరు బావురుమన్నాడట. ఇది కడప జిల్లా గెజిటీరులోకి కూడా ఎక్కింది.

ఈ మూడూ అమ్మ నాకు చెప్పినవే, చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ. కాకపోతే ఆమె చెప్పిన గండి కథలో "ఒక దొర" అనే ఉండేది, పేరు లేదు. కాబట్టి ఇన్నేళ్లుగా నా కడుపులో ఉన్న దొర, పారీస్ దారిలో ఉన్న దొర ఒకడేనని నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

గవర్నరుగా చేసిన పనుల్లో నన్ను పట్టుకున్నది బడుల లెక్క. 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో ఊరికెన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ అడిగించాడు. అన్నీ వచ్చేసరికి నాలుగేళ్లు పట్టింది. 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. వీళ్లకు చదువే లేదని అనుకునే తన వాళ్లకు, ఇళ్లలో చదివేవాళ్లను కూడా కలిపితే మగపిల్లల్లో మూడో వంతు దాకా చదువుతున్నారని రాశాడు. ఆడపిల్లల లెక్క మాత్రం చెప్పుకోవడానికి లేదు. మా అమ్మ ఐదో క్లాసు దాకా చదివింది, అదీ వంద ఏళ్లకు పైగా గడిచాక. ఇదే మనిషి అదే 1822లో, పరాయి పాలన, పత్రికల స్వేచ్ఛ ఒక ఒరలో ఇమడవు కాబట్టి పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వొద్దని కూడా వాదించాడు. 1824లో రాసిన మినిట్‌లో, అంటే ఆఫీసు నోట్‌లో, ఈ దేశస్థులకు పెద్ద ఉద్యోగాలివ్వాలి, ఎప్పటికైనా తమ దేశాన్ని తామే ఏలుకునే స్థితి రావాలి అన్నాడు. ఎప్పటికైనా అంటే ఎప్పుడో చెప్పలేదు. లెక్కల మనిషి ఆ ఒక్క చోట అంకె వేయలేదు.

చివర్లో ఇంటికి పోదామనే అనుకున్నాడు. రాజీనామా ఇవ్వబోతే బర్మా యుద్ధం వచ్చి ఆగాడు. 1826లో భార్య జేన్ జబ్బు చేసిన కొడుకును తీసుకుని ఓడెక్కింది. కొత్త గవర్నరు రావడం ఆలస్యమైంది. ఈలోగా ఒక్కసారి దత్తమండలాలు చూసొస్తానని 1827 ఎండాకాలంలో బయల్దేరాడు. వాంతిభేదుల కాలం. దండులో మనుషులు పోతూనే ఉన్నారు. జులై 6న పత్తికొండలో ఉదయం ఆయనకూ తగిలింది, రాత్రికి పోయాడు. అరవై ఆరేళ్లు. గుత్తిలో పాతిపెట్టారు. పత్తికొండలో ఆయన పేరున తోపు వేసి బావి తవ్వించారు. "ఆ బాయి నాకు తెలుసు" అంది అమ్మ.

ఎముకల్ని 1831లో మద్రాసు తెచ్చి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెట్టారు. అమ్మ ఊరికి పోయే ముందు రోజు చూపిస్తానని తీసుకెళ్లాను. కోట గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు సంచి వెతికి చుక్కల మందు సీసా బయటికి తీశారు. 1680 నాటి చర్చి, గోడలు మా ఇంటి గది అంత మందం. పలక మీద అక్షరాలు నేను చదివి చెప్పాను. ఆమె వంగి పలకను చేత్తో తడిమింది, ఈసారి దండం పెట్టలేదు.

"గుత్తిలో ఉండనియ్యకుండా ఈడికి ఎందుకు తెచ్చినారు?"

"గవర్నరు కదమ్మా."

"ఆయప్ప మనూర్లో పోయినాడు కదరా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోను ఆపించి విగ్రహం చుట్టూ ఒకసారి నడిపించాను. ఫ్రాన్సిస్ చాంట్రీ లండన్‌లో పోతపోశాడు, 1839లో ఇక్కడ నిలబెట్టారు. జీను మరిచిపోయిన శిల్పి ఆ బాధతో ప్రాణం తీసుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. అబద్ధం. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆయన చేసిన నాలుగో జార్జ్‌కూ రికాబులు లేవు. అదొక పద్ధతి. అమ్మకు ఇది నచ్చలేదు. "మరిచిపోయినాడు, ఒప్పుకోల్యా" అంది.

నాకు ఒక అనుమానం మిగిలింది. రైలెక్కించి, కిటికీ దగ్గర నీళ్ల సీసా అందిస్తూ అడిగాను.

"అమ్మా, మన్రోలప్ప తాతకు ఈయనెవరో తెలుసా? తన పేరు యాడిదో?"

అమ్మ నవ్వింది. "ఆయప్పకేం తెలుసు? శనివారం శనివారం తలకు పోసుకొని గుడికి పోతాండె. అది ఆంజనేయస్వామి పేరే అనుకుంటాండె."